క్రషర్‌లో చేరిన తమ్ముడు బ్లాస్టర్ కావాలంటే

చెల్లెమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా తేడాగా అర్థం చేసుకుని ఉంటే దిద్దండి. మీరు బెంగళూరులో ఉంటున్నారు. కదిరిలో ఐటీఐ చదివిన మీ తమ్ముడు కొన్ని నెలలుగా చిక్కబళ్లాపురం వైపు ఒక క్రషర్ క్వారీలో హెల్పర్‌గా చేస్తున్నాడు. ఇప్పటికే బండిలోంచి పేలుడు మందు పెట్టెలు దించుతున్నాడు, రాతిలో డ్రిల్ చేసిన హోల్స్‌ను మందుతో నింపే దగ్గర చేయి సాయం చేస్తున్నాడు. అక్కడి మేస్త్రీ "నువ్వే బ్లాస్టర్‌వైపోరా, జీతం రెండింతలొస్తుంది" అన్నాడు. బ్లాస్టర్ అంటే మందు పెట్టి రాయి పేల్చేవాడు. అమ్మగారు ససేమిరా అంటున్నారు. సర్టిఫికెట్ ఎలా వస్తుంది, ప్రమాదం ఎంత, పంపాలా వద్దా అని మీరు అడుగుతున్నారు.

నేను ఈ పనిలోనే బతికినవాణ్ణి. మాది మదనపల్లె వైపు. కోలారు జిల్లా రాతి క్వారీల్లో మొదలుపెట్టి, తర్వాత బెంగళూరు మెట్రో భూగర్భ స్టేషన్ల గుంతల్లో, పెద్ద కట్టడాల పునాదుల్లో బ్లాస్టర్‌గా చేశాను. అమ్మగారి భయంలో న్యాయం ఉంది. అయితే ఆమె భయపడుతున్నది సైరన్ మోగి కొండ పగిలే ఆ ఒక్క క్షణానికి. నాకు గుండె జారింది మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసేసిన మాట దగ్గర: పెట్టెలు దించుతున్నాడు, నింపే దగ్గర సాయం చేస్తున్నాడు. అందుకే సర్టిఫికెట్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు దీని గురించే చెబుతాను.

2021 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. జనవరి 21 రాత్రి శివమొగ్గ పక్కన హుణసోడులో పేలుడు పదార్థాలున్న లారీ పేలింది. భూకంపం వచ్చిందనుకుని చుట్టుపక్కల జిల్లాల జనం కూడా ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 22 రాత్రి గడిచి 23 వస్తుండగా, మీ తమ్ముడు ఉన్న చిక్కబళ్లాపురం జిల్లాలోనే గుడిబండె తాలూకా హిరేనాగవల్లి దగ్గర ఆరుగురు పోయారు. పోలీసుల కంట పడకుండా దాచిన జిలెటిన్‌ను రాత్రివేళ వదిలించుకోబోయారు. మే 8న మన కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో, ముగ్గురాయి గని దగ్గర బండిలోంచి మందు దించుతుండగా పేలి దగ్గర దగ్గర పదిమంది చనిపోయారు.

ఈ మూడింట్లో ఒక్కటి కూడా రాయి పేల్చేటప్పుడు జరగలేదు. ఒకటి రవాణాలో, ఒకటి దాచిన సరుకు వదిలించుకోవడంలో, ఒకటి దించుకోవడంలో. పేల్చే వేళకు అందరూ దూరం జరుగుతారు, ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. దించే వేళకు ఆ జాగ్రత్త ఉండదు. రోజూ చేసే పనే కదా అన్న ధీమా, క్రషర్ ఖాళీగా తిరుగుతోందన్న తొందర, డ్రైవర్ వెళ్లిపోవాలన్న గోల. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మీ తమ్ముడిలా కూలికి వెళ్లినవాళ్లే.

ఇందులో ఒక మాయ కూడా ఉంది. పాత నైట్రోగ్లిసరిన్ రకం జిలెటిన్ 2004తో మన దేశంలో పోయింది, జిలెటిన్ అన్న పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు వచ్చేవి స్లర్రీ, ఎమల్షన్ రకాలు. చేయి జారి కింద పడినంత మాత్రాన పేలేవి కావు. అది చూసి చూసి మేస్త్రీలు ఆ పెట్టెలను సిమెంటు బస్తాల్లా విసరడం అలవాటు చేసుకున్నారు. ఆ మందును రగిలించి పేల్చే డిటొనేటర్ మాత్రం మారలేదు. వేలెడంత గొట్టం, దెబ్బకీ వేడికీ రాపిడికీ అదే కోపం. దాన్ని మందుతో కలిపి ఒకే బండిలో, ఒకే గదిలో, ఒకే చేతిసంచిలో పెట్టిన రోజున ఈ కొత్త మందు మెత్తదనం ఎందుకూ పనికిరాదు. తమ్ముణ్ణి ఒక్క మాట అడగండి: మీ దగ్గర డిటొనేటర్లు వేరే డబ్బాలో, వేరే మనిషి, వేరే దారిన తెస్తాడా, లేక రెండూ కలిపి తెస్తున్నారా? కలిపే తెస్తున్నారంటే ఇంక మిగతా ప్రశ్నలతో పని లేదు. ఆ చోటు నుంచి బయటికి రమ్మనండి.

ఇంకొకటి. కరెంటుతో పేలే మామూలు ఎలక్ట్రిక్ డిటొనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతి 2025 ఏప్రిల్ 1 నుంచి దేశంలో నిషేధం. ఇప్పుడు వాడాల్సింది ప్లాస్టిక్ ట్యూబు ఉండే నానెల్ రకం, లేదా ఎలక్ట్రానిక్ రకం. ఎలక్ట్రానిక్ వాటికీ వైర్లుంటాయి కాబట్టి వైరు కనిపించగానే అదేనని అనుకోవద్దు, పెట్టె మీద ఏముందో చదవమనండి. పాత ఎలక్ట్రిక్ సరుకు ఇంకా వాడుతున్న క్వారీ అయితే, మిగతా కాగితాలు ఎంత శుభ్రంగా చూపించినా నేను నమ్మను.

ఇక చట్టం. మీ తమ్ముడు "మాది చిన్న క్వారీ అన్నా, మైన్స్ వాళ్లకు సంబంధం లేదు" అంటాడు చూడండి. చాలామంది యజమానులు పిల్లలకు చెప్పే మాట అది. చట్టంలో కంకర, గుండ్రాయి, ఇల్లు కట్టే రాయి తీసే చిన్న తవ్వకాలకు కొంత మినహాయింపు ఉన్నమాట నిజం. అది దక్కాలంటే లోతు 6 మీటర్లు దాటకూడదు, పనివాళ్లు 50 మందిని మించకూడదు, పేలుడు పదార్థం వాడకూడదు. మందు వాడారంటే ఆ మినహాయింపు పోయినట్టే, అది గని కిందే లెక్క. అప్పుడు ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్, అంటే బొగ్గు కాని గనుల నిబంధనలు, అన్నీ వర్తిస్తాయి.

అందుకే సర్టిఫికెట్లు కూడా రెండు దారుల్లో వస్తాయి. మీరు వాటిని కలిపి ఒకటే అనుకున్నట్టున్నారు.

గనుల్లో, అంటే మందు వాడే రాతి క్వారీల్లో పేల్చడానికి కావాల్సింది డీజీఎంఎస్ ఇచ్చే బ్లాస్టర్స్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్సీ. దీనికి పరీక్ష ఉంటుంది. దానికి ముందు గనిలో పనిచేసినట్టు మేనేజర్ ఇచ్చే అనుభవ పత్రం, ఆరోగ్య పరీక్ష, సెయింట్ జాన్ ఆంబులెన్స్ వాళ్ల ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కావాలి. దక్షిణాదికి డీజీఎంఎస్ జోనల్ కార్యాలయం బెంగళూరులోనే ఉంది, కాబట్టి మీకు దూరాభారం లేదు. గనులు కాని చోట, రోడ్డుకు కొండ కొట్టడం, బావి తవ్వడం, పునాది తియ్యడం లాంటి పనులకు కావాల్సింది షాట్‌ఫైరర్ పర్మిట్. అది పెసో ఇస్తుంది. పెసో అంటే నాగపూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, 1898 నుంచి ఉన్న శాఖ. 1884 నాటి చట్టాన్నీ, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌నూ అమలు చేసేది వాళ్లే. మందు కొనడానికి, మ్యాగజైన్, అంటే మందు నిల్వ చేసే గది, పెట్టడానికి, బండిలో తరలించడానికి లైసెన్సులూ అక్కడి నుంచే. 18 ఏళ్లు నిండనివాడు మందు దగ్గరికి రావడానికే ఆ చట్టం ఒప్పుకోదు.

అనుభవ పత్రం దగ్గరే మోసం జరుగుతుంది. లైసెన్సు సరిగ్గా లేని క్వారీలో మూడేళ్లు చేసినా దానికి కాగితం మీద విలువ లేదు. ఆ మేనేజర్‌కు సంతకం పెట్టే అర్హతే ఉండదు. పిల్లవాడు ప్రాణం ఒడ్డి నేర్చుకున్నదంతా గాలికి పోతుంది. కాబట్టి తమ్ముడికి బ్లాస్టర్ అయ్యే కోరిక నిజంగా ఉంటే, ఇప్పుడు చేస్తున్నచోట మేనేజర్ ఎవరు, ఆయనకు సర్టిఫికెట్ ఉందా, తన పేరు హాజరు రిజిస్టర్లో ఎక్కుతోందా అన్నది ముందు చూసుకోవాలి.

ఈ సందర్భంలోనే ఒక బాధ చెప్పుకోవాలి. బెంగళూరు చుట్టూ రాయి కొట్టేవాళ్లలో తరాలుగా మనవాళ్లున్నారు. ఇక్కడ భోవి అని పిలిచే వడ్డెర కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. సుత్తితో బండను తట్టి, ఆ మోతను బట్టి అది ఎటు చీలుతుందో చెప్పే పెద్దవాళ్లను నేను చూశాను. పరికరాలు పెట్టి మేం కనుక్కునేది వాళ్లు చెవితో కనుక్కుంటారు. అంత విద్య ఉండి కూడా చదువు లేదని, కాగితం లేదని జీవితమంతా హెల్పర్ కూలికే పనిచేశారు. ఏదైనా జరిగితే మాత్రం కేసు వాళ్ల మీదే. మీ తమ్ముడికి చదువుంది. కాగితం తెచ్చుకోగలడు. తెచ్చుకోవాలని నేను గట్టిగా అనడానికి అదొక కారణం.

సర్టిఫికెట్ వచ్చాక ఇంకో వల ఉంటుంది. ఒక క్వారీ యజమాని వచ్చి "నువ్వు రోజూ రానక్కర్లేదు, నీ సర్టిఫికెట్ జిరాక్సు ఇవ్వు, నెలనెలా ఇంత పంపిస్తా" అంటాడు. నన్నూ అడిగారు, నాతో పాటు పాసైనవాళ్లనూ అడిగారు. ఊరికే వచ్చే డబ్బులా కనిపిస్తుంది. అక్కడ నిజంగా మందు పెట్టేది మీ తమ్ముడి లాంటి హెల్పరే. రిజిస్టర్లో సంతకం మాత్రం సర్టిఫికెట్ ఉన్నవాడిది. ఆ హెల్పర్‌కు ఏమైనా అయితే 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ కింద పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ సంతకం పెట్టినవాడి ఇంటికి. కేసు కన్నా పెద్ద విషయం, మన పేరు మీద ఒక పిల్లవాడు పోతాడు.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. నగరం మధ్యలో ఒక గుంత తీసుకుందాం.

పొద్దున్నే కిందికి దిగితే ముందురోజు వేసిన హోల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోదాని నోట్లో గుడ్డ కుక్కి. గుడ్డ తీసి, కొలతలు గీసిన చెక్క కర్ర దింపుతాను. హోల్‌లోకి వెళ్లే కర్ర చెక్కదే అయి ఉండాలి, ఇనుము ఎప్పుడూ తగలకూడదు. కర్ర సగంలో ఆగితే రాయి ముక్క జారి ఇరుక్కుందని అర్థం. తడిగా పైకి వస్తే నీళ్లున్నాయి. ఒకచోట కర్ర మొన పక్కకు కూరుకుపోయి, ఎర్రమట్టి అంటుకుని వచ్చిందనుకోండి, అక్కడ రాతి మధ్య మట్టి పొర ఉంది. బెంగళూరులో ఇది మామూలు. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే ఆ బండ ఏ రాయో, నగరం కింద చాలా మటుకు అదే రాయి. పెనిన్సులర్ నైస్ అంటారు, 300 కోట్ల ఏళ్ల నాటిది. రాయి గట్టిదే. అయితే పైపొర కుళ్లి మట్టయిపోయి, ఆ మట్టిలో గుండ్లు మిగిలి ఉంటాయి. ఒక హోల్ గట్టి రాతిలో ఉంటే రెండడుగుల అవతలి హోల్ సగం మట్టిలో ఉంటుంది. ఆ మట్టి పొర దొరికిందంటే పేలుడు గాలి రాయిని పగలగొట్టకుండా అటే తన్నుకుని, రాయిని ఎగరేస్తుంది. అలాంటి హోల్‌ను నేను నింపను. వేసినవాళ్లు మొహం మాడ్చుకుంటారు, గంటసేపు డ్రిల్ పట్టుకుని వేసింది కదా. అయినా మూసేసి వేరేచోట వేయిస్తాను.

సిటీలో మందు సైట్‌లో నిల్వ ఉంచం. లైసెన్సున్న వ్యాన్‌లో ఆ రోజుకు సరిపడా వస్తుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని వాడాం, ఎన్ని మిగిలాయి అన్నది పుస్తకంలో రాసి, మిగిలినవి ఆ రోజే వెనక్కి పంపాలి. ఒక్క డిటొనేటర్ లెక్క తేలకపోయినా ఎవరూ ఇంటికి వెళ్లరు. నాకు పని నేర్పిన పెద్దాయన కేజీఎఫ్‌లో చేసినవాడు. అక్కడి బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక ఇటు వచ్చాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనుల నుంచి వచ్చిన మనిషి. లెక్క పెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే జవాబు ఇచ్చేవాడు కాదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది, నా దగ్గర నేర్చుకున్నవాళ్లకూ వచ్చింది.

నింపడం అయ్యాక కప్పడం. హోల్స్ మీద ఇనుప జాలీ, దాని మీద రబ్బరు మ్యాట్లు, ఆపైన ఇసుక బస్తాలు. ఊరి బయటి క్వారీలో 500 మీటర్ల దాకా మనుషుల్ని ఖాళీ చేయించాలి. నగరంలో 500 మీటర్లంటే రెండు వీధులు, ఒక బడి, ఒక నర్సింగ్‌హోమ్. అది కుదరదు. అందుకే ప్రతిసారీ పేల్చే మందు చాలా తక్కువ ఉంటుంది, హోల్‌కూ హోల్‌కూ మధ్య మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, పైన ఇంత బరువు కప్పుతాం. చుట్టుపక్కల ఇళ్లకు ముందురోజే చెబుతాం. పునాది పక్క వీధిలో గుండె జబ్బున్న ఒక ముసలావిడ ఉండేది. ప్రతి బ్లాస్టుకు ముందు మా కుర్రాడొకడు వెళ్లి "అవ్వా, ఇంకో పావుగంటలో" అని చెప్పి, అయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు. అది ఏ నిబంధనలోనూ లేదు, కానీ చేయాల్సిన పనే.

ఇంటి గోడల దగ్గర వైబ్రేషన్ మీటర్ పెడతాం. 1997లో డీజీఎంఎస్ ఇచ్చిన సర్క్యులర్లో హద్దులున్నాయి. యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర, కంపనం ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 8 హెర్ట్జ్ లోపు అయితే దాని వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15 దాటకూడదు. పాత గుడి, చారిత్రక కట్టడం అయితే 2, 5, 10. తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనానికే ఇల్లు ఎక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడ హద్దు కఠినం. నగరంలో కూడా మేం ఈ అంకెలనే పట్టుకుని, వాటికి బాగా కిందే ఉండాలని చూసుకుంటాం. ఈ కొలతల విషయంలో సాయం చేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ కేజీఎఫ్‌లోనే పుట్టి ఇప్పుడు బెంగళూరుకు వచ్చింది. తమ్ముడికి చదువు మీద ఆసక్తి ఉంటే ఈ వైపు కూడా చూడొచ్చు. బ్లాస్టింగ్ తెలిసి, మీటర్ చదవడం కూడా తెలిసినవాళ్లకు నగరంలో గిరాకీ ఉంది.

సైరన్, ఎర్ర జెండాలు, విజిళ్లు, అన్నీ అయ్యాక పేలిస్తే బయటివాళ్లకు వినిపించేది ఒక మూగ దెబ్బ. మ్యాట్లు జానెడు లేచి పడతాయి. అంతే. ఆ తర్వాతదే కష్టం, ఎవరూ దిగకుండా ఆపడం. జేసీబీ డ్రైవర్ అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంటాడు. పొగ నారింజ రంగులో ఉంటే నైట్రోజన్ ఆక్సైడ్లు, పీలిస్తే అప్పటికి బాగానే ఉండి రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పొగ పోయాక బ్లాస్టర్ ఒక్కడే ముందు దిగుతాడు. పేలని హోల్ ఉందా, పగిలిన రాళ్లలో ట్యూబు ముక్క కనిపిస్తోందా, పాత హోల్ అడుగు మిగిలిందా అని అడుగడుగూ చూస్తాడు. మిస్‌ఫైర్ అయిన హోల్‌లో మందు గీకి తియ్యకూడదు, లాగకూడదు. మిగిలిన అడుగులో మళ్లీ డ్రిల్ దించకూడదు. ఈ ఒక్క నియమం తప్పి కళ్లు, చేతులు పోయినవాళ్లు క్వారీ ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. తమ్ముడికి ఎవరైనా "పాత బొక్కే ఉంది కదా, అందులోనే వెయ్యి, తొందరగా అవుతుంది" అంటే, ఆ డ్రిల్ అక్కడే కింద పెట్టి రమ్మనండి.

ఒక మే నెల మధ్యాహ్నం హోల్స్ అన్నీ నింపాక ఆకాశం నల్లబడి ఉరమడం మొదలైంది. బెంగళూరు వేసవిలో సాయంత్రం వానలు తెలిసినవే కదా. పిడుగు పడితే నానెల్ అయినా ఏదైనా భరోసా లేదు. అందర్నీ గుంతలోంచి పైకి పంపించి, చుట్టూ కాపలా పెట్టి ఆపేశాను. కాంట్రాక్టర్ ఇంజనీరు వచ్చి "కాంక్రీటు లారీలు రాత్రికి బుక్ చేశాం, నువ్వు పేల్చెయ్, ఐదు నిమిషాల పని" అని అరిచాడు. నేను కదల్లేదు. ఉరుములు పోయి ఆకాశం తేటపడేదాకా రెండు గంటలకు పైగా ఆగాం. ఆ రోజు నా జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. ఎందుకంటే నాది నెల జీతం.

ఇది నేను మీకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలుచుకున్న విషయం. ఆ 1961 రెగ్యులేషన్స్‌లోనే ఒక మాట ఉంది: ఎంత రాయి, ఎంత ఖనిజం రాలితే అంత కూలి వచ్చే మనిషిని పేల్చే పనికి పెట్టకూడదు. ఎవరు రాశారో గానీ పని తెలిసి రాశారు. టన్నుకు ఇంత అని కూలి మాట్లాడుకున్నవాడు ఉరుములొస్తే ఆగడు, మట్టి పొర దొరికిన హోల్‌ను వదలడు, పొగ పోయేదాకా కూర్చోడు. మంచివాడైనా ఆగలేడు, ఇంట్లో పిల్లల ఫీజు గుర్తొస్తుంది. మేస్త్రీ చెప్పిన ఆ "రెండింతలు" ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. నెల జీతమా, ట్రిప్పుకు ఇంతా, టన్నుకు ఇంతా? టన్నుకు అంటే వద్దని నేను కచ్చితంగా చెబుతాను, అది ఎంత పెద్ద మొత్తమైనా. బ్లాస్టర్‌ను మేనేజర్ రాతపూర్వకంగా నియమించాలి కూడా. "నువ్వే చూసుకోరా" అన్న నోటిమాట నియామకం కాదు.

ఇప్పుడు అమ్మగారికీ మీకూ తట్టని ఇంకో ప్రమాదం. మీ తమ్ముడు హెల్పర్ అంటే రోజులో ఎక్కువసేపు డ్రిల్ దగ్గర ఉంటాడు. కంప్రెసర్ గాలికి ఆ హోల్ నోటి నుంచి తెల్లటి దుమ్ము లేస్తుంది. మన గ్రానైట్‌లో, నైస్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, ఆ దుమ్ములో కంటికి కనిపించని నలుసులే ఊపిరితిత్తుల్లో దిగి గడ్డకట్టిపోతాయి. సిలికోసిస్ అంటారు. నయం కాని జబ్బు. మొదట్లో ఏమీ తెలియదు, మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. డాక్టరుకు క్వారీ పని సంగతి చెప్పకపోతే టీబీ అనుకుని నెలల తరబడి ఆ మాత్రలే ఇస్తారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ కూడా తొందరగా పడుతుంది, కాబట్టి రెండూ కలిసి వచ్చినా వస్తాయి. పేలుడులో పోయినవాళ్ల వార్త పేపర్లో వస్తుంది. దుమ్ముకు పోయినవాళ్లు ఊరికెళ్లి, నలభై ఏళ్లకే మంచం పట్టి, ఎవరి లెక్కలోకీ రాకుండా పోతారు. మా ఊరి వైపు అలాంటి ఇళ్లు నాకు తెలుసు.

దీనికి ఉపాయం ఉంది, ఖరీదైనదీ కాదు. నీళ్లు పోస్తూ డ్రిల్ చెయ్యాలి, లేదా దుమ్ము లాగేసే యంత్రం పెట్టాలి. మొహానికి కట్టుకునే తువ్వాలు, చేతిరుమాలు ఆ సన్నటి దుమ్మును ఆపవు, కనీసం ఎన్95 రకం మాస్కు, మొహానికి బిగుతుగా ఉండాలి. ఏటేటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, చెవుల పరీక్ష చేయించాలి, యజమాని ఖర్చుతో. పొడిగానే డ్రిల్ చేయిస్తున్న క్వారీ అయితే, బ్లాస్టర్ సర్టిఫికెట్ వచ్చేలోపు పిల్లవాడి ఊపిరే సగం పోతుంది. ఈ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఈ నెలలోనే ఒక ఎక్స్‌రే తీయించి దాచండి, తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.

పంపాలా వద్దా అన్నదానికి నా మాట: ఈ పని చెడ్డది కాదు, గౌరవమైనది. నగరం కింద రైలు తిరిగే దారికి నేను చెయ్యి వేశానన్నది నాకు ఇప్పటికీ సంతోషం. నిదానం ఉన్నవాడికి, నలుగురి ముందు "ఇప్పుడు కాదు" అనగలిగేవాడికి ఇది సరిపోతుంది. మొహమాటం ఎక్కువ, పెద్దవాళ్లు గట్టిగా అరిస్తే తల ఊపేస్తాడు అనే రకం అయితే వద్దు. మీ తమ్ముడు ఏ రకమో మీకే బాగా తెలుసు. తాగి మందు దగ్గరికి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లతో జట్టు ఉంటే అది కూడా చూసుకోండి. పైకి ఎదగడానికి దారి ఉంది. బ్లాస్టర్ తర్వాత మైనింగ్ మేట్, ఫోర్‌మన్ సర్టిఫికెట్లున్నాయి. డిప్లొమా చేస్తే ఇంకా పైకి.

కంకర క్రషర్ ఒక్కటే రాతి పని కాదని కూడా చెప్పండి. చీమకుర్తిలో, కనకపుర వైపు పాలిష్ రాయి తీసే క్వారీల్లో బండకు బీట పడితే ధర పోతుంది కాబట్టి ఎక్కువగా డైమండ్ వైర్‌తోనే కోస్తారు, మందు వాడకం తక్కువ. ఐటీఐ చదివినవాడికి ఆ యంత్రాలు పట్టుబడతాయి. అమ్మగారు ఎంతకీ ఒప్పుకోకపోతే ఆ దారి చూడొచ్చు.

ఈ ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి కనుక్కోండి. క్వారీలో బ్లాస్టర్‌గా ఎవరి పేరుంది, ఆయన నిజంగా రోజూ వస్తాడా? మందు ఎక్కడ పెడుతున్నారు, కాపలా ఉందా, మిగిలింది సాయంత్రం వెనక్కి వెళ్తుందా, లేక షెడ్డులోనో తాటాకు కిందో పెడుతున్నారా? మేనేజర్ పేరు ఏమిటి? డ్రిల్ తడిదా పొడిదా? వీటికి సరైన జవాబులు వస్తే అక్కడే ఉండి, ముందుగా ప్రథమ చికిత్స కోర్సులో చేరమనండి. అది ఎలాగూ కావాలి, క్వారీలో ఉన్నంతకాలం పనికొస్తుంది. జవాబులు రాకపోతే, లేదా "అవన్నీ నీకెందుకక్కా" అంటే, సోమవారం వెనక్కి పంపకండి. సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ దగ్గర, రిజిస్టర్లో పేరుతో చేరే క్వారీలు కోలారు, దొడ్డబళ్లాపురం, రామనగర వైపు ఉన్నాయి. వాడి ఐటీఐ ఏ ట్రేడో, వయసెంతో రాయండి, దరఖాస్తుకు ఏయే కాగితాలు ముందుగా సిద్ధం చేసుకోవాలో చెబుతాను.